జానీ యునైటస్ గొప్పతనం చేతిలో ఉందా, బుర్రలో ఉందా?

ఇప్పుడు అమెరికా ప్రో ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో మ్యాచ్ ఏది పెట్టినా మైదానం పక్కన హెడ్‌సెట్ తగిలించుకుని, నోటికి కాగితం అడ్డం పెట్టుకుని గొణుక్కునే కోచ్ కనిపిస్తాడు. ఆ గొణుగుడు క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో ఉన్న చిన్న స్పీకర్‌లోకి పోతుంది. తర్వాత ఏ ఎత్తు వెయ్యాలి, ఎవరు ఎటు పరిగెత్తాలి, బాల్ ఎవరికి పోవాలి అన్నది చాలావరకు ఆ కోచే చెప్తాడు, క్వార్టర్‌బ్యాక్ దాన్ని మిగతావాళ్లకి చేరవేసి ఆడిస్తాడు. 1950ల్లో బాల్టిమోర్ కోల్ట్స్‌కి ఆడిన జానీ యునైటస్‌కి ఈ సౌకర్యం లేదు, కోచ్ కూడా పెద్దగా అడ్డొచ్చేవాడు కాదు, అన్నీ తనే అనుకుని తనే ఆడించేవాడు. ఆయన్ని "గోల్డెన్ ఆర్మ్" అని పిలుస్తారు, అంటే అందరి దృష్టీ చేతి మీదే. కానీ ఆయన కెరీర్ మొత్తం కాస్త నిదానంగా చూస్తే చెయ్యి కంటే బుర్రే ఎక్కువ పని చేసిందని అనిపిస్తుంది, ఆ బుర్రకి అవకాశం ఇచ్చిన కాలం కూడా అదే.

ఈ ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో. ఇది కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. బాల్ ఉన్న టీమ్‌కి 4 ప్రయత్నాలుంటాయి, ఆ నాలుగింట్లో 10 యార్డులు ముందుకెళ్తే మళ్లీ 4 ప్రయత్నాలు దక్కుతాయి, లేకపోతే బాల్ ఎదుటి టీమ్‌కి పోతుంది. ప్రతి ప్రయత్నానికీ ముందు ఆటగాళ్లు గుమిగూడి ఎత్తు అనుకుంటారు, దాన్ని నడిపించేవాడే క్వార్టర్‌బ్యాక్. మన క్రికెట్‌లో ఫీల్డింగ్ సెట్ చేసే కెప్టెన్ లాంటివాడు అనుకోండి, కాకపోతే ఇక్కడ ప్రతి అర నిమిషానికీ కొత్త ఫీల్డింగ్ సెట్ చెయ్యాలి, మీదకి దూకేవాళ్లు ఒక్కొక్కడు వంద కిలోలు దాటి ఉంటాడు.

యునైటస్ 1933 మే 7న పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. లిథువేనియా నుంచి వచ్చిన కుటుంబాలు, బొగ్గు, ఉక్కు ఊరు. తండ్రికి బొగ్గు డెలివరీ చేసే చిన్న వ్యాపారం ఉండేది, పిల్లాడికి 5 ఏళ్లప్పుడు ఆయన పోయాడు, తర్వాత ఆ వ్యాపారాన్ని తల్లే నడిపింది, పిల్లల్ని సాకింది. నోటర్ డామ్ యూనివర్సిటీకి ట్రయల్‌కి వెళ్తే మరీ సన్నగా ఉన్నాడని పంపించేశారు, చివరికి లూయివిల్ యూనివర్సిటీలో చేరాడు, అప్పట్లో ఫుట్‌బాల్‌లో దానికి పెద్ద పేరేం లేదు.

1955 డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ కుర్రాళ్లని టీములు వంతులవారీగా ఎంచుకునే చోట, సొంతూరి టీమ్ పిట్స్‌బర్గ్ స్టీలర్స్ 9వ రౌండ్‌లో తీసుకుంది. తీసుకుంది గానీ ప్రీ-సీజన్ మ్యాచుల్లో ఒక్కదాంట్లో కూడా దింపలేదు, సీజన్ మొదలవకముందే తీసేసింది. అప్పటి కోచ్ వాల్ట్ కీస్లింగ్‌కి ఈ కుర్రాడికి టీమ్‌ని నడిపించేంత తెలివి లేదనిపించిందట. ఎన్ఎఫ్ఎల్ చరిత్రలో ఇంతకంటే తప్పుడు అంచనా వెతికినా దొరకదేమో. ఎందుకంటే తర్వాత 17, 18 ఏళ్లు యునైటస్ బతికింది ఆ తెలివి మీదే.

అప్పటికే పెళ్లైంది, బిడ్డ కూడా ఉంది. పగలు కన్‌స్ట్రక్షన్ పని, ఖాళీ టైమ్‌లో బ్లూమ్‌ఫీల్డ్ రామ్స్ అనే సెమీ-ప్రో టీమ్‌కి ఆట, గడ్డి సరిగ్గా లేని మట్టి గ్రౌండు, మ్యాచ్‌కి 6 డాలర్లు. 1956లో బాల్టిమోర్ కోల్ట్స్ నుంచి ట్రయల్‌కి రమ్మని ఫోన్ వచ్చింది. కోచ్ వీబ్ యూబ్యాంక్ తర్వాత్తర్వాత జోక్ చేసేవాడు, బ్లూమ్‌ఫీల్డ్‌లో ఒక కుర్రాడు బాగా ఆడుతున్నాడని అభిమాని ఎవరో ఉత్తరం రాశారు, ఆ అభిమాని యునైటసే అయ్యుంటాడని మా అనుమానం అని. మొదటి కాంట్రాక్ట్ 7,000 డాలర్లు.

మొదలు చూస్తే మాత్రం ఎవరూ ఆశ పెట్టుకునేలా లేదు. ఆ సీజన్ 4వ మ్యాచ్‌లో, షికాగో బేర్స్ మీద, మెయిన్ క్వార్టర్‌బ్యాక్ జార్జ్ షా కాలికి దెబ్బ తగిలితే యునైటస్‌ని దింపారు. మొట్టమొదటి పాస్ నేరుగా బేర్స్ ఆటగాడి చేతిలో పడింది, వాడు దాన్ని పట్టుకుని పరిగెత్తి టచ్‌డౌన్ కొట్టేశాడు, అంటే మైదానం చివరి గీత (గోల్ లైన్) దాటించేశాడు. ఆ వెంటనే బాల్ అందించడంలో కూడా తడబాటు. 58-27తో ఓడిపోయారు. అయినా సీటు మళ్లీ షాకి పోలేదు.

సరిగ్గా అదే ఏడాది ఇంకో విషయం జరిగింది, దీని గురించి యునైటస్ కథలో పెద్దగా ఎవరూ చెప్పరు గానీ చెప్పుకోవాలి. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ కోచ్ పాల్ బ్రౌన్ 1956లో తన క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో రేడియో పెట్టించాడు, బయట నిలబడి తనే ఎత్తులు చెప్పేద్దామని. బ్రౌన్ అంతకుముందే ఆ పని వేరే రకంగా చేసేవాడు, ప్రతి ప్రయత్నానికీ ఒక ఆటగాణ్ణి మార్చి వాడి చేత కబురు పంపేవాడు. రేడియో అయితే ఆ తిప్పలుండవు. కానీ కొద్ది వారాల్లోనే లీగ్ కమిషనర్ బర్ట్ బెల్ దాన్ని నిషేధించాడు. ఆ నిషేధం ఎత్తేసి హెల్మెట్ రేడియోని అధికారికంగా ఒప్పుకుంది 1994లో. అంటే యునైటస్ లీగ్‌లో అడుగుపెట్టిన ఏడాదే కోచ్ గొంతు మైదానంలోకి రాబోయి ఆగిపోయింది. యూబ్యాంక్ అంతకుముందు ఆ పాల్ బ్రౌన్ దగ్గరే అసిస్టెంట్‌గా చేసినవాడు, గురువు లాగా అన్నీ తన గుప్పిట్లో పెట్టుకోవచ్చు, కానీ ఆయన ఆ దారిలో పోలేదు. వారమంతా ప్లాన్ తయారు చేసి ఇచ్చి, ఆదివారం మ్యాచ్ మొదలయ్యాక యునైటస్‌కి వదిలేసేవాడు.

మరి వదిలేస్తే ఏం చేశాడు? ఒకటి, పాసులు పట్టుకునే రిసీవర్ రేమండ్ బెర్రీ. బెర్రీ కూడా ఎవరూ పట్టించుకోని సరుకే, 20వ రౌండ్‌లో తీసుకున్నారు, చూపు సరిగ్గా ఉండదు, కాంటాక్ట్ లెన్సులు, నడుము సమస్య, స్పీడ్ అంతంతమాత్రం. ప్రాక్టీస్ అయిపోయి అందరూ స్నానాలకి పోయాక వీళ్లిద్దరూ గ్రౌండ్‌లోనే ఉండిపోయేవాళ్లు, ఒకే పాస్‌ని మళ్లీ మళ్లీ వేసుకునేవాళ్లు. ఉద్దేశం ఏంటంటే బెర్రీ తిరగకముందే బాల్ గాల్లో ఉండాలి, ఆయన తిరిగి చెయ్యి చాపేసరికి అక్కడ బాల్ ఉండాలి. మనిషిని చూసి విసరడం కాదు, మనిషి వచ్చే చోటుకి విసరడం. ఇవాళ ప్రతి టీమూ చేసేది ఇదే, కానీ అప్పట్లో రిసీవర్ ఖాళీగా కనిపించాక విసరడమే మామూలు. డిఫెన్స్ వాడు ఎంత స్పీడ్‌గా ఉన్నా సరే, గడియారంలా కుదిరిన ఇద్దరి మధ్యలోకి దూరడం కష్టం.

దీని ఫలితం 47 మ్యాచుల రికార్డు. 1956 డిసెంబర్ నుంచి 1960 డిసెంబర్ దాకా ఆయన ఆడిన ప్రతి మ్యాచ్‌లో కనీసం ఒక టచ్‌డౌన్ పాస్ ఉంది. అంతకుముందున్న రికార్డు 23. మధ్యలో 1958లో గ్రీన్ బే మీద ఆడుతుంటే పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తికి కూడా దెబ్బ తగిలింది, రెండు మ్యాచులు కూర్చుని, ఛాతీకి గట్టి కవచం కట్టుకుని తిరిగొచ్చాడు, వచ్చీ రాగానే మొదటి ఎత్తులోనే లెన్నీ మూర్‌కి టచ్‌డౌన్ పాస్ వేశాడు. 1959లో 12 మ్యాచుల్లో 32 టచ్‌డౌన్ పాసులు, ఒక సీజన్‌లో 30 దాటడం లీగ్‌లో అదే మొదలు.

సరే, అసలు మ్యాచ్‌కి వద్దాం. 1958 డిసెంబర్ 28, న్యూయార్క్ యాంకీ స్టేడియం, ఫైనల్, ఎదురుగా న్యూయార్క్ జెయింట్స్. ఆ జెయింట్స్ అసిస్టెంట్ కోచులు ఎవరో చూడండి, దాడి చూసేది విన్స్ లొంబార్డి, డిఫెన్స్ చూసేది టామ్ లాండ్రీ, ఇద్దరూ తర్వాత దిగ్గజాలయ్యారు. హాఫ్ టైమ్‌కి కోల్ట్స్ 14-3 ముందున్నారు, మూడో క్వార్టర్‌లో గోల్ లైన్ దాకా వెళ్లి నాలుగు ప్రయత్నాలు చేసినా లోపలికి పోలేకపోయారు, అక్కడ్నుంచి ఆట తిరగబడింది, జెయింట్స్ 17-14తో పైకొచ్చేశారు. చివర్లో జెయింట్స్‌కి ఇంకొక్క ఫస్ట్ డౌన్ (మళ్లీ 4 ప్రయత్నాలు) వస్తే టైమ్ అయిపోయేది, ఫ్రాంక్ గిఫర్డ్ పరిగెత్తాడు, కొన్ని అంగుళాల దూరంలో ఆపేశారని రిఫరీ తేల్చాడు. ఆ కుప్పలోనే కోల్ట్స్ డిఫెన్స్ స్టార్ జీనో మార్కెట్టి కాలు విరిగింది, ఆ గొడవలో బాల్ సరైన చోట పెట్టలేదని గిఫర్డ్ దశాబ్దాల తరబడి వాదిస్తూనే ఉన్నాడు.

బాల్ కోల్ట్స్‌కి వచ్చింది, తమ సొంత 14 యార్డుల లైన్ దగ్గర, రెండు నిమిషాల లోపే టైమ్ ఉంది. ఇక్కడే యునైటస్ అంటే ఏంటో తెలుస్తుంది. మధ్యలో వరసగా మూడు పాసులు బెర్రీకే వేశాడు, 25 యార్డులు, 15, 22, మొత్తం 62. గడియారం పరిగెడుతోంది, గుమిగూడి మాట్లాడుకునే టైమ్ కూడా లేదు. ఎదుటివాళ్లు సైడ్ లైన్లకి కాపలా కాస్తారని తెలుసు, ఎందుకంటే బయటికి వెళ్తే గడియారం ఆగుతుంది కాబట్టి ఎవరైనా అటే వేస్తారు, ఈయన మధ్యలోకి వేశాడు. 7 సెకన్లు ఉందనగా స్టీవ్ మైరా 20 యార్డుల ఫీల్డ్ గోల్ (బాల్‌ని కాలితో గోల్ స్తంభాల మధ్యకి తన్నడం, 3 పాయింట్లు) కొట్టాడు, 17-17. ఈ రోజుల్లో "టూ మినిట్ డ్రిల్" అని ప్రతి టీమూ ప్రాక్టీస్ చేసేదాన్ని దేశం మొత్తం ఒక్కసారిగా చూసింది అప్పుడే.

ఎన్ఎఫ్ఎల్ ఫైనల్ ఓవర్‌టైమ్‌కి పోవడం అదే మొదటిసారి, ముందు ఎవరు స్కోర్ చేస్తే వాళ్లే విజేత. జెయింట్స్‌కి బాల్ ముందొచ్చింది, ఏం చెయ్యలేక వదిలేశారు. కోల్ట్స్ 20 యార్డుల లైన్ దగ్గర మొదలెట్టి 13 ఎత్తుల్లో 80 యార్డులు నడిచారు. అందులో ఒక్క ఎత్తు చూస్తే చాలు. జెయింట్స్ డిఫెన్స్ మధ్యలో నిలబడే లైన్‌బ్యాకర్ శామ్ హఫ్ బెర్రీ గోల పడలేక కొంచెం కొంచెం వెనక్కి జరిగి నిలబడుతున్నాడు, పాస్‌కి అడ్డం పడదామని. యునైటస్ అది గమనించాడు, లైన్ దగ్గరికొచ్చాక ఎత్తు మార్చేశాడు, హఫ్ ఖాళీ చేసిన ఆ మధ్య దారిలోంచే అలన్ అమీచీని పరిగెత్తించాడు, 23 యార్డులు. పాస్ చూపించి పాస్ దగ్గరికి రమ్మన్నాడు, వాడు వచ్చాక కాళ్ల మీద పోయాడు. ఇది భుజబలం చేసే పని కాదు కదా.

గోల్ లైన్ దగ్గరికి వచ్చాక చిన్న ఫీల్డ్ గోల్ కొడితే గెలుపు ఖాయం, ఎవరైనా అదే చేస్తారు. యునైటస్ మాత్రం జిమ్ మషెల్లర్‌కి పాస్ వేశాడు, బాల్ ఎదుటివాడికి చిక్కితే మొత్తం పోయినట్టే. ఎందుకు అంత రిస్క్ అని తర్వాత అడిగితే, ఏం చేస్తున్నామో తెలిసినప్పుడు బాల్ వాళ్లకి చిక్కదు అన్నట్టు జవాబిచ్చాడు. పొగరు అనుకోవచ్చు, కానీ ఆయన మాట్లాడేదే తక్కువ, ఆ తక్కువలో ఇలాంటివే ఉంటాయి. తర్వాతి ఎత్తులో అమీచీ 1 యార్డు తోసుకుని లోపల పడ్డాడు, 23-17. బెర్రీ ఒక్కడే 12 పాసులు పట్టాడు, 178 యార్డులు. గెలిచిన కోల్ట్స్ ఆటగాళ్లకి తలా దాదాపు 4,700 డాలర్లు దక్కాయి, మొదటి ఏడాది యునైటస్ జీతంలో సగానికి పైనే అన్నమాట.

ఆ రోజు స్టేడియంలో ఉన్నది 64,185 మంది, టీవీలో చూసినవాళ్లు 4.5 కోట్ల మంది దాకా అని అంచనా. ఓవర్‌టైమ్ మధ్యలో టీవీ కేబుల్ ఊడిపోయి తెర నల్లబడితే, అదే సమయంలో తాగినవాడిలా ఒకడు మైదానంలోకి పరిగెత్తి ఆటని కాసేపు ఆపాడు, ఆలోపు కేబుల్ పెట్టేశారు, వాడు నిజానికి టీవీ చానెల్ ఎన్‌బీసీ మనిషే అని ఒక కథ ఇప్పటికీ తిరుగుతుంది. కథ ఎలా ఉన్నా, అప్పటిదాకా బేస్‌బాల్ కింద ఉన్న ప్రో ఫుట్‌బాల్ టీవీకి ఇంత బాగా సరిపోతుందని ఆ సాయంత్రం అందరికీ అర్థమైంది. టెక్సస్ కుబేరుడు లామార్ హంట్ కూడా ఆ మ్యాచ్ చూసినవాడే, ఎన్ఎఫ్ఎల్ వాళ్లు టీమ్ ఇవ్వకపోతే తనే పోటీగా ఏఎఫ్ఎల్ అని కొత్త లీగ్ పెట్టాడు, 1960లో ఆట మొదలైంది. ఆ లీగ్ యునైటస్‌కి తర్వాత ఎలా ఎదురొచ్చిందో కాసేపట్లో.

1959లో మళ్లీ జెయింట్స్‌నే 31-16తో ఓడించి రెండో ఫైనల్ గెలిచారు. 1959, 1964, 1967 ఎంవీపీలు (ఆ ఏడాది ఉత్తమ ఆటగాడి బహుమతులు) ఆయనవే. మధ్యలో 1963లో యూబ్యాంక్‌ని తీసేసి డాన్ షూలాని కోచ్‌ని చేశారు. షూలాకి అప్పుడు 33 ఏళ్లు, యునైటస్ కంటే మూడేళ్లే పెద్ద, పైగా 1956లో ఇద్దరూ ఒకే టీమ్‌లో ఆడినవాళ్లు. షూలాకి అన్నీ తన పద్ధతిలో నడవాలి, యునైటస్‌కి హడిల్‌లో (ఆటగాళ్లు గుమిగూడే చోట) ఇంకొకరి మాట నచ్చదు. గెలుస్తున్నన్నాళ్లూ సర్దుకుపోయారు గానీ పొసగలేదన్నది అందరికీ తెలిసిందే. ఇద్దరిలో ఎవరిది తప్పు అని అడగడం కంటే, ఆట అప్పుడే క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచి కోచ్ చేతిలోకి జారడం మొదలైందని చూడటం మేలు.

1968 ప్రీ-సీజన్ చివరి మ్యాచ్‌లో, డాలస్ మీద, ఆయన కుడి మోచేతికి గట్టి దెబ్బ తగిలింది. ఆ సీజన్ అంతా ఎర్ల్ మొరాల్ ఆడాడు, 13-1తో దుమ్ము రేపారు, మొరాల్‌కే ఎంవీపీ. 1969 జనవరిలో మూడో సూపర్ బౌల్, అంటే ఎన్ఎఫ్ఎల్, ఏఎఫ్ఎల్ విజేతల మధ్య ఫైనల్, ఎదుటి టీమ్ న్యూయార్క్ జెట్స్, లామార్ హంట్ పెట్టిన ఏఎఫ్ఎల్ నుంచి వచ్చింది. దాని కోచ్ ఎవరు? కోల్ట్స్ తీసేసిన వీబ్ యూబ్యాంకే. క్వార్టర్‌బ్యాక్ జో నేమత్, పిట్స్‌బర్గ్ దగ్గర బీవర్ ఫాల్స్ కుర్రాడు, చిన్నప్పుడు యునైటస్‌ని చూసి పెరిగినవాడు. బెట్టింగుల్లో కోల్ట్స్ 18 పాయింట్ల తేడాతో గెలుస్తారన్నారు, 16-7తో ఓడిపోయారు. చివర్లో చెయ్యి సరిగ్గా లేవని యునైటస్‌ని దింపితే కోల్ట్స్‌కి వచ్చిన ఒకే ఒక్క టచ్‌డౌన్‌ని ఆయనే నడిపించాడు. ముందే దింపి ఉంటే అన్న వాదన బాల్టిమోర్‌లో చాలా ఏళ్లు నడిచింది, దానికి తేల్పు ఉండదు.

1971 జనవరిలో ఐదో సూపర్ బౌల్ గెలిచారు, డాలస్ మీద 16-13, కానీ అది చూడ్డానికి అంత అందంగా ఉండదు, రెండు టీములూ కలిపి 11 సార్లు బాల్ పోగొట్టుకున్నాయి. యునైటస్ 75 యార్డుల టచ్‌డౌన్ పాస్ కూడా ఇద్దరి చేతులు తగిలి మూడోవాడు జాన్ మ్యాకీ చేతిలో పడింది, ఆ తర్వాత పక్కటెముకల దెబ్బతో బయటికొచ్చేస్తే మొరాల్ పూర్తి చేశాడు. 1972లో టీమ్ యజమాని మారాడు, కొత్త మేనేజ్‌మెంట్ ఆయన్ని కూర్చోబెట్టింది, 1973లో శాన్ డియాగోకి అమ్మేసింది. అక్కడ కెరీర్‌లో 40,000 యార్డులు దాటాడు, ఎన్ఎఫ్ఎల్‌లో అంత దూరం పోయింది ఆయనే మొదలు, 1974లో ఆపేశాడు. 1979లో ప్రో ఫుట్‌బాల్ దిగ్గజాల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

ఇప్పటి కుర్రాళ్లు ఆయన లెక్కలు చూసి నవ్వుతారు. 290 టచ్‌డౌన్లకి 253 ఇంటర్సెప్షన్లు (ఎదుటివాళ్లకి చిక్కిన పాసులు), వేసిన పాసుల్లో సగం కంటే కొంచెం ఎక్కువే తనవాళ్లకి అందాయి, ఈ రోజుల్లో ఇలా ఉంటే బెంచి మీద కూడా చోటుండదు. కానీ అది సరిపోల్చే పద్ధతి కాదు. ఆయన ఆడిన రోజుల్లో రిసీవర్‌ని మైదానం పొడవునా తోసుకుంటూ పోవచ్చు, 1978లో దాన్ని మొదటి 5 యార్డులకి పరిమితం చేశారు, క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే లైన్‌మెన్ చేతులు చాపడానికి కూడా అప్పుడే ఒప్పుకున్నారు. క్వార్టర్‌బ్యాక్ మీద పడే దెబ్బలకి ఇప్పుడున్నన్ని ఫౌళ్లు అప్పుడు లేవు. 47 మ్యాచుల రికార్డు ఇన్ని రూల్స్ సాయం చేసిన తర్వాత కూడా 2012 అక్టోబర్ దాకా, అంటే 52 ఏళ్లు నిలబడింది, క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ దాటాడు.

రిటైరయ్యాక కథ అంత బాగుండదు. వ్యాపారాలు కలిసి రాలేదు, 1991లో దివాలా పిటిషన్ వేశాడు. 1984 మార్చిలో ఒక రాత్రి కోల్ట్స్ యజమాని లారీలు తెప్పించి టీమ్ సామాను మొత్తం ఎక్కించి ఇండియానాపొలిస్ తీసుకుపోయాడు, యునైటస్ ఆ కొత్త కోల్ట్స్‌తో తనకి సంబంధం లేదని తెగేసి చెప్పాడు, బాల్టిమోర్ పక్షానే ఉండిపోయాడు. ఆ ఊరికి తర్వాత రేవెన్స్ అనే టీమ్ వచ్చాక వాళ్ల మ్యాచులకి వెళ్లేవాడు. మేరీల్యాండ్‌లో ఉండే మనవాళ్లు రేవెన్స్ స్టేడియం ముందున్న ఆయన విగ్రహం చూసే ఉంటారు.

అన్నింటికంటే దారుణం ఆ కుడి చెయ్యి. 1968 దెబ్బ తాలూకు నరాల నష్టం వయసు మీద పడ్డాక బయటపడింది, బొటనవేలు, వేళ్లు సరిగ్గా మూసుకునేవి కావు, చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా కష్టమైంది. గోల్ఫ్ ఆడాలంటే కర్రని చేతికి వెల్క్రో పట్టీతో కట్టుకునేవాడు. లీగ్‌కి డిజెబిలిటీ కోసం అప్లై చేస్తే, 55 ఏళ్లలోపు అడగాల్సింది, టైమ్ దాటిపోయింది అన్నారు, కానీ చెయ్యి పనిచెయ్యడం మానేసిందే ఆ తర్వాత. లీగ్‌కి టీవీ డబ్బు తెచ్చిపెట్టిన మ్యాచ్ ఆ చేత్తో ఆడిందే అన్న సంగతి ఆ రూల్ బుక్‌లో ఎక్కడా రాసి ఉండదు కదా.

2002 సెప్టెంబర్ 11న, 69 ఏళ్ల వయసులో, మేరీల్యాండ్‌లో ఎక్సర్‌సైజ్ చేస్తూ గుండెపోటుతో పోయాడు. ఇండియానాపొలిస్ కోల్ట్స్‌కి అప్పుడు పేటన్ మ్యానింగ్ ఆడుతున్నాడు, లైన్ దగ్గర నిలబడి చేతులూపుతూ ఎత్తులు మార్చేస్తూ, కోచ్ చెప్పింది సగం, తను అనుకున్నది సగం ఆడించే క్వార్టర్‌బ్యాక్, కొత్త తరంలో యునైటస్‌కి దగ్గరివాడు ఎవరంటే ఆయనే. యునైటస్ ఎప్పుడూ వేసుకునే చీలమండ దాకా ఉండే నల్ల బూట్లు ఆ వారం తనూ వేసుకుంటానని మ్యానింగ్ లీగ్‌ని అడిగాడు. వేసుకుంటే 25,000 డాలర్లు ఫైన్ అన్నారు, ఊరుకున్నాడు. బాల్టిమోర్ రేవెన్స్ క్వార్టర్‌బ్యాక్ క్రిస్ రెడ్‌మన్, యునైటస్ లాగే లూయివిల్‌లో చదివినవాడు, ఎవర్నీ అడక్కుండా వేసేసుకున్నాడు. యూనిఫామ్ రూల్ తప్పినందుకు ఆయనకి 5,000 డాలర్లు ఫైన్ పడింది.